మిర్జం పక్కన మసక గుంపు
(మన సంక్షేమ సంఘం వార్షిక సమావేశంలో చదివిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మాట్లాడమని కార్యవర్గం వారు అడిగినప్పుడు మేము వెనుకాడిన మాట నిజం. సంఘం సభ అంటే స్కాలర్‌షిప్పుల లెక్క, పేదింటి పెళ్ళిళ్ళకు ఇచ్చిన సాయం, ఆస్పత్రి ఖర్చులు, రావలసిన చందాలు. వాటి మధ్య చుక్కల సంగతి ఏమిటని మీరు అనుకోవచ్చు. మేము ముగ్గురం. ఒకరు బోరు మోటార్లకు వైండింగ్ చేస్తారు. ఒకరు పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తారు. ఒకరు బడి పంతులు. ముగ్గురం కలిసి రెండు చలికాలాలు ఒక మసక చుక్కల గుంపు కోసం డాబా మీద గడిపాం. అందులో మొదటి చలికాలం మొత్తం పొరపాటే. ఆ పొరపాటు ఫోటోను ఫ్రేము కట్టించి మన సంఘం ఆఫీసు గోడకే తగిలించాం. అందుచేత మీకు లెక్క చెప్పుకోవలసిన బాధ్యత మా మీద ఉన్నది.

ఏడాదిలో రెండు మూడు సాయంత్రాలు ఊరు ఊరంతా డాబాలెక్కి పడమటి దిక్కు చూస్తుంది. రంజాన్ చాందు, ఈదు చాందు. అదిగో అని ఒకరు వేలు చూపిస్తే సలాములు చెప్పుకుని దిగిపోతాం. తర్వాత మళ్ళీ ఏడాది దాకా ఆకాశం జోలికి పోము. మన తాతల కాలంలో ఇట్లా లేదు. మోట తోలేవాళ్ళు, చేను కాపలా పడుకునేవాళ్ళు గొర్రుకొయ్యలు ఎంత ఎత్తుకు వచ్చినయో చూసి పొద్దు ఎంత ఉన్నదో చెప్పేవారు. పిల్లల కోడి ఎప్పుడు పొడుస్తుందో, ఎప్పుడు కుంగుతుందో వారికి తెలుసు. ఆ పిల్లల కోడినే పంచాంగంలో కృత్తిక అంటారు. అరబ్బులు సురయ్యా అన్నారు. ఈ సభలో సురయ్యా అనే పేరుగల ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురైనా ఉండే ఉంటారు. ఇంట్లో రోజూ పిలిచే ఆ పేరు ఒక చుక్కల గుంపు పేరని చాలామందికి తెలియదు.

గుంపు అంటే ఏమిటో రెండు మాటల్లో మనవి చేస్తాము. చుక్కలు ఒక్కొక్కటిగా పుట్టవు. ఒక పెద్ద వాయుమేఘం కుంచించుకుపోయి ముక్కలైతే అందులోంచి వందల చుక్కలు ఇంచుమించు ఒకే కాలంలో పుడతాయి. కొంతకాలం అవి ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటూ, ఒకే దిక్కుకు, ఒకే వేగంతో కలిసి ప్రయాణం చేస్తాయి. ఇటువంటి దాన్ని శాస్త్రం వారు వివృత గుచ్ఛం అంటారు. మనం చుక్కల గుంపు అనుకుందాం. సురయ్యా మనకు సుమారు 440 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. దాని వయసు పది కోట్ల సంవత్సరాల పైచిలుకు. మనుషుల లెక్కలో అది ఎంతో అనిపించినా చుక్కల లెక్కలో పసితనమే. అందుకే అందులోని పెద్ద చుక్కలు ఇంకా నీలంగా ధగధగలాడుతూ ఉంటాయి.

సాధారణంగా ఇట్లాంటి గుంపులు ఎక్కువకాలం నిలవవు. పాలపుంత మధ్య తలంలో తిరుగుతూ, పెద్ద పెద్ద మేఘాల పక్కగా పోతూ, ఆ లాగుడుకు ఒక్కొక్క చుక్క జారిపోయి, కొన్ని పదుల కోట్ల ఏళ్ళలో గుంపు చెదిరిపోతుంది. చెదరకుండా మిగిలినవి బహు కొద్ది. మేము పట్టుకోవాలనుకున్నది అటువంటి ఒక ముసలి గుంపును. దానికి పేరు లేదు, సంఖ్య మాత్రమే ఉన్నది. ఎన్‌జీసీ 2204. 1785లో విలియం హెర్షెల్ ఇంగ్లండులో తన దూరదర్శినితో మొదట దాన్ని చూశాడు. 1888లో డ్రేయర్ అనే శాస్త్రవేత్త 7,840 మసక వస్తువులతో ఒక పట్టిక వేసినప్పుడు దానికి ఈ సంఖ్య వచ్చింది. దూరం సుమారు 13 వేల కాంతి సంవత్సరాలు. వయసు ఇంచుమించు రెండు వందల కోట్ల సంవత్సరాలు. పాలపుంత తలానికి మూడువేల కాంతి సంవత్సరాలకు పైగా కిందగా, రద్దీకి దూరంగా ఉండడం అది ఇంతకాలం నిలవడానికి ఒక కారణమని చెబుతారు.

ఇన్ని గుంపులుండగా దీన్నే ఎందుకు ఎంచుకున్నారని మమ్మల్ని చాలామంది అడిగారు. మొదటి కారణం, అది ఉన్న చోటు. చలికాలం రాత్రి ఆకాశంలో అన్నిటికంటే ప్రకాశంగా వెలిగే చుక్క లుబ్ధకుడు. అరబ్బీలో షిఅరా. ఖుర్‌ఆన్‌లో నజ్మ్ సూరాలో పేరు పెట్టి చెప్పబడిన చుక్క అదే. దానికి ముందుగా, పడమటి పక్కన ఒక చుక్క నడుస్తుంది. దాని పేరు మిర్జం. షిఅరా రాబోతున్నదని ముందుగా చాటేవాడు అనే అర్థంలో ఆ పేరు పెట్టారంటారు. ఈనాటికీ ప్రపంచమంతా ఆ చుక్కను ఆ అరబ్బీ పేరుతోనే పిలుస్తారు. ఆ మిర్జంకు పడమరగా, రవ్వంత దక్షిణంగా, రెండు డిగ్రీల లోపు దూరంలో ఈ గుంపు ఉన్నది. చెయ్యి చాచి చిటికెన వేలు అడ్డం పెడితే ఒక డిగ్రీ మూసుకుంటుంది. అంటే మిర్జం పక్కన రెండు వేళ్ళ వెడల్పు కూడా లేదు.

రెండో కారణం, అది మన ఆకాశం. హెర్షెల్ ఉన్న ఇంగ్లండులో ఆ గుంపు ఎంత పైకి వచ్చినా దిగంతం మీద ఇరవై డిగ్రీలకు మించదు. పొగమంచులోంచి, దట్టమైన గాలిలోంచి చూడాలి. మన పెద్దవూరలో అదే గుంపు 54 డిగ్రీల ఎత్తుకు ఎక్కుతుంది. అల్లా మనకిచ్చిన ఈ సౌకర్యానికి కిరాయి లేదు.

ఇక మొదటి చలికాలం సంగతి. మా దగ్గరున్నది ఆరు అంగుళాల అద్దంగల టెలిస్కోపు, పాతది కొన్నాం. దాని కాళ్ళకు భూమి తిరిగే వేగానికి సరిగ్గా ఎదురు తిరిగే చిన్న మోటారు ఉన్నది. ఆ మోటారు ఆగిపోతే మా వైండింగ్ మిత్రుడు బాగుచేశారు. కెమెరా మా ఫోటోల మిత్రునిది, అన్ సీజన్‌లో ఖాళీగా ఉండేది. జనవరి నెలలో, చాంద్రమాసం చివరి రాత్రులు ఎంచుకున్నాం. ఈదుకు చంద్రుడు కనిపించాలని కోరుకునే మేము ఈ పనికి చంద్రుడు లేని రాత్రి కోసం క్యాలెండరు తిరగేయవలసి వచ్చింది. రాత్రి పది ప్రాంతంలో గుంపు నడినెత్తి దారికి వస్తుంది. మిర్జంను చూశాం. అక్కడి నుంచి రెండు వేళ్ళు పక్కకు జరిపాం. అద్దాల్లో చుక్కలు గుప్పెడుగా కనిపించాయి. వరుసగా ఫోటోలు తీశాం. కంప్యూటరులో చూస్తే ఇరవై ముప్పై చుక్కలు దగ్గర దగ్గరగా కుప్పపోసినట్టు ఉన్నాయి. ఇంకేం కావాలి? పెద్దదిగా ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి, కింద పేరు, సంఖ్య రాసి ఆఫీసులో తగిలించాం. వచ్చినవారంతా మెచ్చుకున్నారు. మేము కూడా మెచ్చుకున్నాం.

ఎనిమిది నెలలు ఆ ఫోటో గోడ మీద ఉన్నది. తర్వాత ఒకరోజు మా వైండింగ్ మిత్రుని కూతురు, పదో తరగతి చదివే పిల్ల, తండ్రికి అన్నం డబ్బా ఇవ్వడానికి ఆఫీసుకు వచ్చింది. గోడ మీది ఫోటోను చాలాసేపు చూసింది. తర్వాత బడి పంతులుగారితో, "చిచ్చా, ఇది మిర్జంకు ముందున్నదా, వెనుకున్నదా?" అని అడిగింది.

ముందే ఉన్నదమ్మా, పుస్తకంలో పడమర అని ఉన్నది గదా, అన్నారు వారు.

"అయితే మిర్జం కంటే ముందు ఇదే నడినెత్తికి రావాలె గదా. మీరు రాసుకున్న టైములో మిర్జం పోయినంక ఇది వచ్చినట్టున్నది."

మా నోటుపుస్తకం తెరిచి చూశాం. ఏ రాత్రి ఏ నిమిషాన ఏది అద్దం నడుమకు వచ్చిందో రాసే అలవాటు మాకు ఉండడం మేలైంది. పిల్ల చెప్పింది నిజమే. అద్దం టెలిస్కోపులో బొమ్మ తలకిందులుగా, కుడి ఎడమలు మారి కనిపిస్తుంది. ఆ సంగతి మాకు తెలుసు. తెలిసి కూడా చలిలో, తొందరలో పడమర అనుకుని తూర్పుకు జరిపాం. మేము ఫోటో తీసింది ఏ గుంపునూ కాదు. పాలపుంత అంచున ఉండే మామూలు చుక్కలను. దగ్గరవి, దూరంవి, ఒకదానికొకటి సంబంధం లేనివి, మన చూపుకు ఒకే వరుసలో పడి కుప్పగా కనిపించాయి.

చెప్పడానికి సిగ్గుగానే ఉన్నది. ఆ రాత్రి ఇంటికి పోయి ఫ్రేము తీసేద్దామా అని మాట్లాడుకున్నాం. ఎవరికీ తెలియదు గదా, పేరు మార్చి ఊరుకుందామన్న ఆలోచన కూడా మాలో ఒకరికి వచ్చింది. ఎవరికి వచ్చిందో ఇక్కడ చెప్పము. కాని ఆ పిల్లకు తెలుసు. పెద్దవాళ్ళు తప్పు దిద్దుకుంటారా, దాచుకుంటారా అని ఆ పిల్ల చూస్తూ ఉన్నది. ఒక సంఘం గోడ మీద అబద్ధం వేలాడుతూ ఉంటే, తెలిసిన పిల్లలు దాని కింద కూర్చుని స్కాలర్‌షిప్పు దరఖాస్తు రాయడం మాకు మంచిదనిపించలేదు.

ఈ సందర్భంలో ఒక పెద్దాయన కథ మాకు ధైర్యం ఇచ్చింది. అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ. క్రీ.శ. 903లో ఇరాన్ దేశంలో రయ్ అనే పట్టణంలో పుట్టి, ఇస్ఫహాన్‌లో పనిచేసి, 964 ప్రాంతంలో స్థిర నక్షత్రాల మీద ఒక గొప్ప గ్రంథం రాశాడు. 48 రాశిమండలాలను ఒక్కొక్కటి బొమ్మ వేసి, చుక్క చుక్కకు కాంతి ఎంతో తన కంటితో చూసి దిద్దాడు. దూరదర్శిని పుట్టడానికి ఆరు వందల ఏళ్ళకు ముందు సంగతి ఇది. ఈనాడు ఆండ్రోమెడా గెలాక్సీ అనే దాన్ని చిన్న మబ్బుగా మొదట రాసిపెట్టింది ఆయనే. ఆయన గ్రంథంలో మరొక మసక మచ్చ ఉన్నది. వేసవి ఆకాశంలో, గరుడ మండలానికి ఉత్తరాన. చిన్న దుర్భిణితో చూస్తే పది చుక్కలు బట్టలు తగిలించే హ్యాంగరులా కనిపిస్తాయి. 1931లో కొలిండర్ అనే స్వీడను శాస్త్రవేత్త దాన్ని చుక్కల గుంపుల పట్టికలో 399వ సంఖ్యగా చేర్చాడు. సూఫీ గుంపు అని ఈనాటికీ దానికి పేరు. అయితే హిపార్కస్ అనే ఉపగ్రహం చుక్కల దూరాలు కచ్చితంగా కొలిచిన తర్వాత, 1990ల చివర్లో తేలిందేమిటంటే, అది గుంపే కాదు. అందులోని చుక్కల దూరాలు వేరు, పోయే దిక్కులు వేరు.

ఇందులో సూఫీ తప్పు లేదు. ఆయన మబ్బులాగా ఒక మచ్చ ఉన్నదని కంటికి కనిపించినంత వరకే రాశాడు. గుంపు అని లెక్కగట్టింది తర్వాతివారు. కాని వెయ్యేళ్ళ తర్వాత తప్పు తేలినప్పుడు శాస్త్రం వారు దాన్ని దాచలేదు. పేరు ఉంచారు, పక్కన నిజం రాశారు. మా ఎనిమిది నెలల తప్పుకు అంతకంటే మంచి దారి మాకు తోచలేదు.

రెండో చలికాలం మేము నలుగురం అయినాం. ఆ పిల్ల కూడా వచ్చింది, తండ్రి వెంట ఉంటాడు గనుక ఇంట్లో అభ్యంతరం రాలేదు. అది చెప్పిన పరీక్ష చాలా తేలికైనది. గుంపు అనుకున్న చోట టెలిస్కోపు పెట్టి మోటారు ఆపేయాలి. భూమి తిరుగుతుంది గనుక చుక్కలు ఒక అంచు నుంచి వచ్చి ఇంకొక అంచుకు జారిపోతాయి. మేము పట్టింది నిజమైన గుంపు అయితే, దానికి తూర్పున ఉన్న మిర్జం సుమారు ఏడు నిమిషాలకు మా అద్దంలోకి రావాలి. మొదట పాత ఫోటో చోటికే తిప్పి మోటారు ఆపాం. ఏడు నిమిషాలు, పది, పదిహేను. మిర్జం రాలేదు. అది అప్పటికే దాటిపోయి ఉన్నది. తర్వాత రెండో పక్కకు తిప్పాం. అద్దంలో ఏమీ లేనట్టే ఉన్నది. మోటారు ఆపి చేతి గడియారం చూస్తూ కూర్చున్నాం. ఏడో నిమిషంలో అద్దం ఒక అంచు తెల్లవారినట్టు వెలిగి, మిర్జం లోపలికి వచ్చింది. ఆ పిల్ల ఏమీ అనలేదు. వాళ్ళ నాయన మాత్రం "మాషా అల్లా" అన్నారు.

చోటు దొరికింది, కాని గుంపు కనిపించదు. ఎందుకంటే అది బహు మసక. కంటికి కనిపించే ఆఖరి చుక్కను ఆరో తరగతి కాంతి అంటారు. సంఖ్య పెరిగినకొద్దీ వెలుగు తగ్గుతుంది. ఈ గుంపు మొత్తం కాంతి కలిపితేనే ఎనిమిదిన్నర. విడి చుక్కల్లో బాగా వెలిగేవి కూడా పదకొండు, పన్నెండు. మిగతావి ఇంకా కింద. ఇటువంటి దాన్ని చూడటానికి మూడు నియమాలు నేర్చుకున్నాం. అరగంట సేపు ఏ దీపం వంకా, ఫోను వంకా చూడకూడదు, అప్పుడే కన్ను చీకటికి అలవాటుపడుతుంది. దారి చూసుకోవడానికి టార్చికి ఎర్ర కాగితం చుట్టుకోవాలి. మూడోది వింతగా ఉంటుంది. చూడదలచిన దాన్ని సూటిగా చూడకూడదు. కంటి నడిమి భాగం మసక వెలుగును పట్టలేదు, పక్క భాగం పడుతుంది. అందుకని చూపు కొంచెం పక్కకు వేసి, మనసు మాత్రం దాని మీద ఉంచాలి. అట్లా చేసినప్పుడు అద్దం నడుమ ఊపిరి పోసిన అద్దంలా చిన్న తెల్లని మసక తేలింది. అందులో నాలుగైదు సూది మొన చుక్కలు. సూటిగా చూస్తే మాయం, పక్కకు చూస్తే ప్రత్యక్షం. నలుగురం ఒకరి తర్వాత ఒకరం చూసి, ఒకరు చూసింది ఇంకొకరికి చెప్పకుండా కాగితం మీద గీశాం. నాలుగు బొమ్మలూ కలిసినాయి.

ఫోటోకు మాత్రం ఇంకా మూడు వారాలు పట్టింది. టెలిస్కోపు ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు సరిగ్గా పెట్టాలి. మన దగ్గర ధ్రువుడు దిగంతం మీద పదిహేడు డిగ్రీలలోపు ఎత్తులోనే ఉంటాడు. మా డాబా నుంచి చింతచెట్టు కొమ్మల్లో దాక్కునేవాడు. ఒక రాత్రి ఇరుసు తప్పి చుక్కలన్నీ గింజలకు బదులు గీతలుగా పడ్డాయి. ఇంకొక రాత్రి కాలువ కింద తడిపిన మళ్ళ మీంచి మంచు లేచి అద్దం మీద నీరు పట్టింది. తువ్వాలు చుట్టి, తల ఆరబెట్టుకునే యంత్రం తెచ్చి ఊదాం. అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది వెలుతురు. దక్షిణపు ఆకాశం అడుగున తెల్లని పొర. ఎక్కడి నుంచి వస్తున్నదా అని వెతికితే, మన సంఘం ఆఫీసు ముందర మనమే పెట్టించిన పెద్ద బల్బు. నేల మీద పడవలసిన వెలుగు సగం ఆకాశానికి పోతున్నది. అధ్యక్షులవారి అనుమతితో నూనె డబ్బా రేకు కత్తిరించి దానికి గొడుగు కట్టాం. వాకిలి ముందుకంటే బాగా వెలిగింది. ఆకాశం నల్లబడింది.

ఫోటో తీసే పద్ధతి కూడా చెప్పాలి, పిల్లలకు ఉపయోగం. ఒకే ఫోటోకు గంటసేపు తెరిచి ఉంచితే చిన్న అదురుకు అంతా పోతుంది. అందుకని ముప్పై సెకండ్ల చొప్పున వంద ఫోటోలు తీశాం, మొత్తం యాభై నిమిషాల వెలుగు. విడిగా చూస్తే ప్రతి ఫోటో ఇసుక చల్లినట్టు ఉంటుంది. చుక్క ఏదో, కెమెరా పుట్టించిన మచ్చ ఏదో తెలియదు. వందనూ కంప్యూటరులో ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే మచ్చలు పదో వంతుకు తగ్గిపోతాయి, చుక్కలు నిలబడతాయి. ఎందుకంటే మచ్చ ప్రతి ఫోటోలో వేరే చోట పడుతుంది. చుక్క ప్రతిసారీ ఒకే చోట పడుతుంది. చాందు గవాహీ సంగతి మనకు తెలిసిందే. ఒక్కరు చూశామంటే పెద్దలు ఇంకా అడుగుతారు. వేర్వేరు ఊళ్ళవాళ్ళు వచ్చి ఒకే మాట చెబితే నమ్ముతారు. పొరపాట్లు ఒకదానితో ఒకటి కలవవు, నిజం కలుస్తుంది. కంప్యూటరు చేసిందీ ఆ పనే.

ఆ విధంగా వచ్చిన ఫోటో ఇప్పుడు ఆఫీసు గోడ మీద ఉన్నది. చూసినవారు కొందరు ఇంతేనా అన్నారు. పాత ఫోటోలోనే చుక్కలు ఎక్కువ బాగున్నాయన్నారు. నిజమే. అబద్ధం గుంపు ఎక్కువ తళుకుగా ఉన్నది. నిజం గుంపు పిండి చల్లినట్టు ఉన్నది. కాని దగ్గరగా చూడండి. పిండి నడుమ కొన్ని నారింజ రంగు చుక్కలు ఉన్నాయి. అవి ఇంధనం అయిపోవచ్చి ఉబ్బిన ముసలి చుక్కలు. నీలం చుక్కలు ఏనాడో కాలిపోగా వీటి వంతు వచ్చింది. మా కెమెరాలో పడిన ఆ వెలుగు అక్కడ బయలుదేరినప్పుడు మన కృష్ణ ఒడ్డున ఊళ్ళు లేవు, వ్యవసాయం లేదు. ఆ కాలపు మనుషుల పనిముట్లు రాతివే. సాగరు డ్యాము కట్టే ముందు నాగార్జునకొండ లోయలో జరిపిన తవ్వకాల్లో రాతియుగం పనిముట్లు కూడా దొరికిన సంగతి మీకు తెలిసిందే.

ఫోటో వచ్చిన రాత్రి ఆ పిల్ల ఇంకొక ప్రశ్న వేసింది. "మనకన్న ముందు మన దిక్కు ఎవరన్న దీన్ని ఫోటో తీసిన్రా చిచ్చా?"

తీశారు. ఆ సంగతే ఈ సభకు ముఖ్యంగా మనవి చేయదలచుకున్నాము.

హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ అనే ఆయన విదేశం నుంచి 15 అంగుళాల దూరదర్శినిని కొని తెచ్చి, 1901లో ఫిసల్‌బండలో తన సొంత ఖర్చుతో వేధశాల పెట్టారు. దానికి నిజామియా అని పేరు. 1907లో ఆయన మరణించగా, మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని బేగంపేటకు మార్చింది. 1919 నుంచి అది ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. అప్పటికే ప్రపంచ దేశాల వేధశాలలు కలిసి ఆకాశం మొత్తాన్ని ఫోటో తీసి పటం వేయాలని 1887లో పారిస్‌లో నిర్ణయించుకుని ఉన్నాయి. ఆకాశాన్ని పట్టీలుగా కోసి పంచుకున్నారు. దక్షిణ అమెరికాలోని సాంటియాగోకు ఇచ్చిన పట్టీ అక్కడ పూర్తి కాలేదు. దాన్ని హైదరాబాదు తలకెత్తుకున్నది. దక్షిణాన 17 డిగ్రీల నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీ అది. మన గుంపు ఉన్నది 18 డిగ్రీల 40 నిమిషాల దగ్గర. అంటే సరిగ్గా హైదరాబాదు వాటాలో.

చాట్‌వుడ్, పోకాక్, భాస్కరన్, అక్బర్ అలీ అనే డైరెక్టర్లు ఒకరి తర్వాత ఒకరు ఆ పని నడిపారు. రాత్రి గాజు పలకల మీద ఫోటోలు తీయడం, పగలు ఆ పలకలను సూక్ష్మదర్శిని కింద పెట్టి, గళ్ళ ఆధారంగా ఒక్కొక్క చుక్క స్థానం కొలిచి రాయడం. దక్షిణపు పట్టీ అయిన తర్వాత ఉత్తరాన ఇంకొక పట్టీ కూడా చేశారు. 7 లక్షల 60 వేలకు పైగా చుక్కల స్థానాలు 12 సంపుటాలుగా అచ్చయినాయి. ఆ జాబితా పదకొండో తరగతి కాంతి వరకు అన్న లక్ష్యంతో చేసింది. మన గుంపు చుక్కలు చాలావరకు అంతకంటే మసకవి గనుక జాబితా అంచునే ఆగిపోయాయి. కాని మిర్జం పక్కనున్న ఆ ఆకాశపు ముక్క మన హైదరాబాదు గాజు పలక మీద పడింది.

ఆ కొలతలు తీసినవారికి వాటి ఫలితం కనిపించలేదు. చాలా దేశాల్లో ఆ పనిని దండగ ఖర్చు అన్నవారున్నారు. అప్పుడు జరిగిందేమిటంటే, 1989లో ఎగిరిన హిపార్కస్ ఉపగ్రహం కొత్త కొలతలు ఇచ్చింది. చుక్క కదలిక తెలియాలంటే కొత్త కొలత ఒక్కటే చాలదు, పాతది కూడా కావాలి. కొత్తదానికీ పాతదానికీ మధ్య కాలం ఎంత ఎక్కువైతే లెక్క అంత మేలు. 2000 సంవత్సరంలో 25 లక్షల చుక్కల కదలికలతో టైకో-2 అనే జాబితా తయారైనప్పుడు ఆధారంగా నిలిచినవి ఆ గాజు పలకల పాత కొలతలే, హైదరాబాదువి కూడా వాటిలో ఉన్నాయి. బేగంపేటలో చమురు దీపాల కాలం నాడు ఒక గుమస్తా రాసిన అంకె ఎనభై ఏళ్ళ తర్వాత అంతరిక్షంలోని యంత్రానికి తోడైంది. చెట్టు నాటినవాడు నీడ చూడకపోయినా నీడ నీడే.

అదే నిజామియాకు డైరెక్టరుగా ఉన్న అక్బర్ అలీ సాహెబు నగరం వెలుతురు పెరగడం గమనించి, ఊరికి దూరంగా 48 అంగుళాల పెద్ద దూరదర్శిని పెట్టాలని తలపెట్టారు. 1960లో ఆయన పోయారు. 1968లో అది జపాల, రంగాపూర్ గ్రామాల మధ్య నిలబడింది. మనం హైదరాబాదు పోయే సాగర్ రోడ్డుకు ఎడంగా ఉన్న చోటే. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడ శాస్త్రవేత్తలు పరిశీలించారు. ఆ రోడ్డు మీద మనం ఎన్నిసార్లు బస్సులో పోయి ఉంటాం? పక్కనే ఇది ఉన్నదని మా పిల్లలకు మేము చెప్పలేదు. మాకే తెలియదు.

అయ్యా, మేము అడిగేవి మూడే. ఒకటి, మన సంఘం భవనాలకు, మన మహల్లాలో మనం పెట్టించే దీపాలకు రేకు గొడుగులు కట్టించండి. ఖర్చు లేదు, కరెంటు ఆదా. రెండు, ఈ ఆరు అంగుళాల టెలిస్కోపును మేము సంఘానికి ఇచ్చివేస్తున్నాం. చాంద్రమాసం చివరి శనివారం రాత్రి, మబ్బు లేకపోతే, పిల్లలకు తెరిచి పెట్టాలి. ఆడపిల్లలు తల్లులతో వచ్చే ఏర్పాటు ఉండాలి. మా తప్పు పట్టింది ఆడపిల్ల గనుక ఈ మాట గట్టిగా అంటున్నాం. మూడు, ఒక నోటుపుస్తకం. ఏ రాత్రి ఎవరు ఏమి చూశారో, గంట, నిమిషంతో రాయాలి. కనిపించకపోతే కనిపించలేదని రాయాలి. మా తప్పు బయటపడింది అట్లా రాసిన పుస్తకంలోంచే.

పాత ఫోటోను మేము తీసేయలేదు. కొత్తదాని పక్కనే ఉన్నది. దాని కింద పాత పేరు కొట్టేసి, "ఇది గుంపు కాదు, మిర్జంకు తూర్పున మామూలు చుక్కలు" అని ఆ పిల్ల చేతనే రాయించాం. సభ అయిన తర్వాత భోజనాలకు పోయే ముందు రెండూ ఒకసారి చూసి పొండి. రాత్రికి ఆగగలిగినవారు మా డాబాకు రండి. మంచు లేకపోతే పది గంటలకు చూపిస్తాం. సూటిగా చూడకండి, కొంచెం పక్కకు చూడండి.